మిరుసువిల్ బోర్డు, ఒక క్షమాభిక్ష

కొలంబో ఫోర్టులో పొద్దున్నే ఎక్కిన జాఫ్నా రైలు యాళ్ దేవి బాగా ఎండెక్కాక పళై దాటింది. అప్పటిదాకా కిటికీకి తల ఆనించి కునికిపాట్లు పడుతున్నవాణ్ణి, తాటిచెట్లు మొదలవగానే లేచి కూర్చున్నాను. కనుచూపు మేరా అవే. ఎదురు సీట్లో పెద్దావిడ కాగితం పొట్లం విప్పి ఏదో నములుతోంది. నేను చూస్తున్నానని ఒక ముక్క నా చేతిలో పెట్టి "పుళుక్కొడియల్" అంది. చూస్తే తేగ! మనం కాల్చుకునో ఉడకబెట్టుకునో తినేస్తాం. వీళ్లు ఉడకబెట్టి, చీల్చి, గట్టిగా ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారు. పళ్లు ఊడొచ్చేంత గట్టిగా ఉంది.

దాంతో కుస్తీ పడుతుండగా ఒక చిన్న స్టేషన్ దగ్గర రైలు నెమ్మదించింది. బోర్డు మీద మూడు లిపుల్లో పేరు. నాకొచ్చిన ఒక్క లిపిలో చదువుకున్నాను. మిరుసువిల్.

ఆ పేరు నాకు ముందే తెలుసు. తీర్పులు చదివే పిచ్చి ఉన్నవాళ్లకు కొన్ని ఊళ్లు కేసుల పేర్లుగానే పరిచయమవుతాయి. అదొక ఊరని, దానికో స్టేషన్ ఉంటుందని, ప్లాట్‌ఫాం మీద ఓ ఆవు పడుకుని నెమరేస్తుంటుందని తట్టదు. ఫోన్ తీసి ఒక ఫొటో కొట్టేలోపే స్టేషన్ వెనక్కి వెళ్లిపోయింది. నోట్లో తేగ అలాగే ఉంది. పెద్దావిడ నా మొహం చూసి, రుచి నచ్చలేదనుకుందేమో, పొట్లం మడిచి సంచిలో పెట్టేసుకుంది.

ఈ వ్యాసం ఆ రోజు నుంచి రాద్దామనుకుంటున్నదే. ఆలస్యానికి బద్ధకం ఒక కారణమైతే, నా వాదనలో నాకే ఒక ముడి ఉండటం ఇంకో కారణం. నేను ఉరిశిక్షకు వ్యతిరేకిని. అలాంటివాణ్ణి, ఉరిశిక్ష పడ్డ ఒక మనిషిని శ్రీలంక దేశాధ్యక్షుడు వదిలేస్తే ఆరేళ్లుగా ఎందుకు మండిపడుతున్నాను?

ఎనిమిది మంది, తొమ్మిదోవాడు

2000 ఏప్రిల్‌లో ఎలిఫెంట్ పాస్ సైనిక స్థావరం, ప్రత్యేక తమిళ దేశం కోసం ప్రభుత్వంతో యుద్ధం చేస్తున్న తమిళ టైగర్ల (ఎల్‌టీటీఈ) చేతికి పోయింది. ఆ తర్వాత జాఫ్నా ద్వీపకల్పంలో యుద్ధరేఖ అటూ ఇటూ జరుగుతూనే ఉంది. మిరుసువిల్ జనం ఊరొదిలి ఉడుప్పిడ్డి వైపు వెళ్లి తలదాచుకున్నారు. ఆ ఏడాది డిసెంబరు 19న, ఇళ్లు ఏ గతిన ఉన్నాయో చూసుకుని, పొయ్యిలోకి నాలుగు కట్టెలు ఏరుకుని వద్దామని తొమ్మిది మంది బయల్దేరారు. సైనికులు పట్టుకున్నారు. ఎనిమిది మంది గొంతులు కోసి పాతిపెట్టారు. చనిపోయినవాళ్లలో టీనేజీ కుర్రాళ్లున్నారు, ఐదేళ్ల పిల్లవాడున్నాడు. తొమ్మిదోవాడు దెబ్బలతో తప్పించుకున్నాడు.

మొత్తం కేసుకు ఆ తొమ్మిదోవాడే ఆధారం. బయటపడ్డాక నోరు మూసుకుని బతికేయొచ్చు. అప్పటి జాఫ్నాలో సైన్యం మీద సాక్ష్యం చెప్పడమంటే ఏమిటో వాళ్లకు మనం చెప్పక్కర్లేదు. అతను చెప్పాడు. శవాలు తవ్వి తీశారు. 2002లో ఐదుగురు సైనికుల మీద కొలంబో హైకోర్టులో అభియోగాలు మోపారు, ముగ్గురు జడ్జిల బెంచి విచారించింది. పదమూడేళ్లు నడిచింది. 2015 జూన్ 25న స్టాఫ్ సార్జెంట్ సునీల్ రత్నాయకే దోషి అని తేల్చి మరణశిక్ష వేశారు. మిగతా నలుగురిని సాక్ష్యం చాలదని వదిలేశారు. 2019 ఏప్రిల్‌లో ఐదుగురు జడ్జిల సుప్రీంకోర్టు బెంచి ఆ శిక్షను ఏకగ్రీవంగా ఖాయం చేసింది.

పదకొండు నెలలు గడిచాయి. 2020 మార్చి 26న, దేశమంతా కరోనా కర్ఫ్యూలో తలుపులేసుకుని ఉన్నప్పుడు, అధ్యక్షుడు గోటబాయ రాజపక్స అతనికి క్షమాభిక్ష పెట్టాడు. జైల్లో ఉన్న సైనికుల్ని విడిపిస్తానని ఎన్నికల్లో ముందే మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. సింహళంలో 'రణవిరు' అనే మాట ఉంది, యుద్ధవీరుడు అని. ఆ మాట చుట్టూ అక్కడి రాజకీయం ఎంత తిరుగుతుందో, మన దగ్గర ఇలాంటి మాటల చుట్టూ తిరిగేది చూస్తున్నవాళ్లకు వివరించనక్కర్లేదు.

ఈ కేసు ఎంత అరుదైనదో తెలియాలంటే కుమారపురం చూడాలి. తిరుకోణమలై (ట్రింకోమలీ) జిల్లాలోని పల్లె. 1996 ఫిబ్రవరి 11న దగ్గర్లో ఇద్దరు సైనికులు చనిపోయారు. దానికి బదులుగా సైనికులు ఊళ్లోకి వచ్చి 24 మందిని చంపారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ. ఇక్కడ సాక్షి ఒక్కడు కాదు, బతికి బయటపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. కేసు అనురాధపురానికి చేరింది. సాక్షులు తమిళంలో చెప్పింది సింహళం మాట్లాడే జ్యూరీ విన్నది. ఇరవై ఏళ్ల తర్వాత, 2016 జులైలో, నిందితులైన ఆరుగురు మాజీ సైనికులూ నిర్దోషులుగా బయటికొచ్చారు. అక్కడ క్షమాభిక్షతో పనే పడలేదు.

అంటే కోర్టు అన్ని మెట్లూ ఎక్కి, చివరి మెట్టు దాకా నిలబడ్డ తీర్పుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకదాన్ని ఒక్క సంతకం ఊడ్చేసింది.

"నువ్వు ఉరి వద్దంటావుగా?"

ఈ ప్రశ్న నన్ను మొదట అడిగింది ఆఫీసులో నా పక్క సీటు స్నేహితుడు. దానికో నేపథ్యం ఉంది. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర దిశ కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చేసినప్పుడు ఊరంతా పూలు చల్లింది. మా ఫ్లోర్‌లో స్వీట్లు పంచారు. నేను తీసుకోలేదు. కోర్టు దాకా రాకుండానే చంపేస్తే ఎలా అన్నాను. ఆ తర్వాత వారం రోజులు లంచ్ టేబుల్ దగ్గర నాతో సరిగా మాట్లాడినవాళ్లు ఇద్దరే, ఇతను అందులో ఒకడు. నాలుగు నెలలు తిరక్కుండా లాక్‌డౌన్‌లో ఫోన్లో రత్నాయకే విడుదల గురించి నేను ఆవేశపడుతుంటే, నింపాదిగా విని అన్నాడు: "అప్పుడు చంపొద్దన్నావు. ఇప్పుడు వదిలేశారంటే ఏడుస్తున్నావు. నీకు ఏం కావాల్రా అసలు?"

అప్పటికి సరైన జవాబు దొరకలేదు. ఏదో నసిగాను. తర్వాత చదువుకుంటే తేలిన సంగతి, శ్రీలంకలో 1976 తర్వాత ఎవర్నీ ఉరి తీయలేదు. కోర్టులు మరణశిక్ష వేస్తూనే ఉంటాయి, అది ఆచరణలో జైలు జీవితమే. అంటే రత్నాయకే ప్రాణం ఎప్పుడూ ప్రమాదంలో లేదు. 2020 మార్చిలో ఆ సంతకం ఒక ప్రాణాన్ని కాపాడిందనే మాట నిలబడదు. ఉరిని యావజ్జీవంగా మార్చి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. అలా మార్చే అధికారం అధ్యక్షుడికి ఎటూ ఉంది. ఆయన దాన్ని వాడుకోలేదు. శిక్షను తగ్గించడం వేరు, జైలు తలుపు బార్లా తెరవడం వేరు. నేను ఉరి వద్దనేది, చంపడం తప్పు గనక. ఇక్కడ చంపడాన్నే చిన్న తప్పు చేసేశారు.

స్నేహితుడు దీనికి కూడా ఒప్పుకోలేదు. "క్షమాభిక్ష అంటేనే చట్టం ఆగిపోయిన చోట మొదలయ్యేది. దానికి మళ్లీ లెక్కలూ కారణాలూ ఏమిటి?" అన్నాడు. మంచి ప్రశ్నే. పాతకాలపు రాజు పండక్కి ఖైదీల్ని వదిలినట్టుండాలా అది? శ్రీలంక రాజ్యాంగం మటుకు అలా అనుకోలేదు. ఆర్టికల్ 34 ప్రకారం మరణశిక్ష పడ్డవాణ్ణి క్షమించాలంటే విచారణ చేసిన జడ్జి రిపోర్టు తెప్పించాలి, దాన్ని అటార్నీ జనరల్‌కు పంపాలి, ఆయన సలహాతో కలిపి న్యాయశాఖ మంత్రికి వెళ్లాలి, మంత్రి సిఫారసు చేయాలి. ఇదే గోటబాయ 2021లో, హత్య కేసులో మరణశిక్ష పడ్డ మాజీ ఎంపీ దుమింద సిల్వాకు పెట్టిన క్షమాభిక్షను సుప్రీంకోర్టు 2024 జనవరిలో కొట్టేసింది. అదే జనవరిలో మన సుప్రీంకోర్టు బిల్కిస్ బానో కేసు దోషుల విడుదలను రద్దు చేసి మళ్లీ జైలుకు పంపింది. మన రాజ్యాంగంలో మాట వేరు, అక్కడి మాట వేరు, కేసులు అంతకన్నా వేరు. కానీ రెండు చోట్లా జడ్జిలు చెప్పిందాంట్లో ఒక అంశం కలుస్తుంది: కరుణ చూపే అధికారానికి కూడా లెక్క చెప్పాలి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆర్టికల్ 34లో లేని మాట. జడ్జి ఉన్నాడు, అటార్నీ జనరల్ ఉన్నాడు, మంత్రి ఉన్నాడు. చచ్చినవాళ్ల తాలూకు మనుషుల్ని అడగాలని ఎక్కడా లేదు. మన ఇళ్లల్లో చూడండి, ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే, కొట్టినవాడి చేత దెబ్బ తిన్నవాడికి సారీ చెప్పిస్తాం. మధ్యలో తాతయ్య వచ్చి "సరేలే, నేను క్షమించేశాను, పోయి ఆడుకో" అంటే దెబ్బ తిన్నవాడు ఇంకా గట్టిగా ఏడుస్తాడు. మిరుసువిల్‌లో తాతయ్య పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. కొట్టిన చెయ్యి ఆయనదే. చంపింది రాజ్యం యూనిఫాంలో ఉన్న మనిషి, క్షమించింది ఆ రాజ్యం అధినేత, పైగా యుద్ధం చివరి ఏళ్లలో రక్షణ శాఖ కార్యదర్శిగా చేసిన మనిషి. తన చేతిని తాను క్షమించుకోవడాన్ని ఏమనాలో నాకు తెలుగులో మాట దొరకలేదు. క్షమాభిక్ష అని మాత్రం అనలేను. భిక్ష అంటే ఇంకొకరికి పెట్టేది.

నోరు విప్పే జైలు

శిక్ష ఉండాలనడానికి జనం చెప్పే కారణాలు, భయం పుట్టించడం, కడుపుమంట చల్లారడం వగైరా నన్ను పెద్దగా కదిలించవు. నాకు పనికొచ్చిన కారణం ఇంకో కేసులో దొరికింది.

1996 సెప్టెంబరులో జాఫ్నాలో పరీక్ష రాసి ఇంటికెళ్తున్న 18 ఏళ్ల అమ్మాయిని చెమ్మణి చెక్‌పోస్టు దగ్గర సైనికులు ఆపారు. అత్యాచారం చేసి చంపారు. వెతుక్కుంటూ వచ్చిన తల్లినీ, తమ్ముణ్ణీ, తోడొచ్చిన పక్కింటాయన్నీ చంపారు. 1998లో దోషులుగా తేలినవాళ్లలో సోమరత్న రాజపక్స అనే లాన్స్ కార్పొరల్, అంటే కింది స్థాయి సైనికుడు ఉన్నాడు. శిక్ష పడుతున్న సమయంలో కోర్టులో అతను నోరు విప్పాడు. మేమొక్కళ్లమే కాదు, చెమ్మణిలో ఇంకా మూడు నాలుగొందల శవాలు పాతిపెట్టారు, చోటు చూపిస్తానన్నాడు. 1999లో తవ్వితే 15 అస్థిపంజరాలు దొరికాయి. అంతటితో ఆగిపోయింది. మళ్లీ 2025లో అదే చెమ్మణిలో శ్మశానం దగ్గర నిర్మాణ పనుల్లో ఎముకలు బయటపడ్డాయి, కోర్టు పర్యవేక్షణలో తవ్వకాలు మొదలయ్యాయి. 200కు పైగా అస్థిపంజరాలు తేలాయి. వాటితో పాటు పిల్లల నీలం రంగు స్కూలు సంచి, ఆటబొమ్మలు.

ఆ లాన్స్ కార్పొరల్ మంచివాడై చెప్పలేదు. తానొక్కడే బలవుతున్నానన్న అక్కసుతో చెప్పాడు. అయినా చెప్పాడు. శిక్ష పడ్డ మనిషికి ఇవాళ కాకపోతే పదేళ్లకైనా, పైవాళ్ల పేర్లు చెప్పడానికి ఒక కారణం ఉంటుంది. దండ వేసి ఇంటికి పంపిన మనిషికి ఏం కారణం ఉంటుంది? మిరుసువిల్‌లో ఆ రోజు ఎవరు ఆజ్ఞ ఇచ్చారు, ఎవరికి తెలుసు, ఎవరు కళ్లు మూసుకున్నారు అన్న ప్రశ్నలకు జవాబు తెలిసిన మనిషి జైల్లోంచి ఆ జవాబుతో సహా వెళ్లిపోయాడు.

అనురాధపురంలో అడిగిన ప్రశ్న

జాఫ్నా నుంచి వెనక్కి వస్తూ అనురాధపురంలో రెండు రాత్రులు ఉన్నాం. గెస్ట్‌హౌస్ యజమాని అరవై దాటిన సింహళాయన, రిటైరైన టీచరు, చక్కటి ఇంగ్లీషు. నేను ఎక్కడెక్కడ తిరిగానో అడుగుతూ మిరుసువిల్ మాట రాగానే టీ కప్పు కింద పెట్టాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు. మర్నాడు పొద్దున తన స్కూటర్ మీద పాత బస్టాండు వైపు తీసుకెళ్లాడు. 1985 మే 14న టైగర్లు ఇక్కడా, జయశ్రీ మహాబోధి అనే పవిత్ర బోధివృక్షం దగ్గరా 146 మందిని కాల్చి చంపారు. "నేను ఆ రోజు కుండలు కొనుక్కుందామని వచ్చి, బేరం కుదరక పది నిమిషాల ముందు వెళ్లిపోయాను" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "దీనికి ఏ కోర్టులో ఎవరికి శిక్ష పడింది? గోణగలకి?"

గోణగల పేరు మన దగ్గర చాలామంది వినలేదు. అంపార జిల్లాలో సింహళ పల్లె. 1999 సెప్టెంబరు 18 తెల్లవారుజామున టైగర్లు వచ్చి నిద్రలో ఉన్నవాళ్లని కత్తులతో నరికారు. 50 మందికి పైగా పోయారు. అంతకు మూడు రోజుల ముందు పుదుక్కుడియిరుప్పులో వైమానిక దళం బాంబులకు తమిళ పౌరులు 20 మందికి పైగా చచ్చారు, దానికి బదులట. 1990 ఆగస్టులో కాత్తాన్‌కుడి మసీదుల్లో నమాజు చేసుకుంటున్న వంద మందికి పైగా ముస్లింలను టైగర్లే చంపారు. వాళ్లు మాట్లాడేదీ తమిళమే. ఇక టైగర్ల తూర్పు కమాండర్‌గా ఉండి, 2004లో చీలిపోయి ప్రభుత్వం వైపు వచ్చిన కరుణ అనే అతనికి 2009లో దక్కిన శాఖ జాతీయ సమైక్యత! ఇది నేను కల్పించి రాస్తే వెటకారం ఎక్కువైందని మీరే కొట్టేసేవాళ్లు.

కాబట్టి టీచరుగారి ప్రశ్న ఉత్త దబాయింపు కాదు. ఒక పక్క కమాండర్‌కి మంత్రి పదవిచ్చి, ఇంకో పక్క సార్జెంటును జైల్లో ఉంచడం అన్యాయంగా కనపడటంలో వింతేమీ లేదు. స్కూటర్ వెనక కూర్చుని ఆయనకేం చెప్పాలో చాలాసేపు ఆలోచించాను. గోణగల వాళ్లకు న్యాయం జరగలేదు గనక మిరుసువిల్ వాళ్లకూ వద్దు అంటే చివరికి లెక్క సమానమవుతుంది, నిజమే. రెండు పల్లెలకూ సున్నా. ఆయనతో ఇంత సూటిగా అనలేదు. కుండలు బేరం ఎంతకు తెగలేదని అడిగాను. ఆయన నవ్వి, ముప్పై ఐదు రూపాయల దగ్గర అన్నాడు. నలభై ఏళ్ల తర్వాత కూడా గుర్తుంది.

ఇంకో అభ్యంతరం ఉంది, నాకు దీనిదే ఎక్కువ బరువు. రత్నాయకే కూడా ఒక విధంగా బలిపశువే కదా? పేద పల్లె కుర్రాళ్లనే సైన్యంలోకి తీసుకుంటారు, యుద్ధరేఖ మీద నిలబెడతారు, తర్వాత చేతికి చిక్కినవాణ్ణి ఒక్కణ్ణి కోర్టుకిచ్చి మిగతావాళ్లు మెడల్స్ తీసుకుంటారు. ఎనిమిది గొంతుల పని ఒక్కడిదంటే నేనూ నమ్మను. కానీ దీనికి మందు అతని పక్కన ఇంకో పదిమందిని బోనెక్కించడం. అతన్ని కూడా దించేస్తే బోనే ఖాళీ. ఇలా రాస్తున్నప్పుడు వాదన బాగానే ఉంది. నాకు తెలిసిన సైనికుడి మొహం గుర్తొచ్చినప్పుడు మాత్రం ఇంత ధీమా ఉండదు.

మనవాళ్లు అక్కడ

ఆ సైనికుడు మా పెదనాన్న. ఊరు గిద్దలూరు పక్కన. ఆ చుట్టుపక్కల ఇంటికొకరు మిలటరీ అన్నట్టుంటుంది. ఆయన 1987 చివర్లో భారత శాంతి సేనతో (ఐపీకేఎఫ్) పాటు శ్రీలంక వెళ్లి పదిహేను నెలలుండి వచ్చాడు. కాలికి ఏదో తగిలి కొంచెం ఈడుస్తాడు, కథ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు మేం అడిగితే "యాడికో పోయినాం, వచ్చినాం" అనేవాడు. దీపావళికి అందరూ టపాకాయలు కాలుస్తుంటే ఆయన పొలానికి వెళ్లిపోయేవాడు. చప్పుడు పడదేమో అనుకునేవాళ్లం.

పెద్దయ్యాక ఒక తేదీ చదివి ఉలిక్కిపడ్డాను. 1987 అక్టోబరు 21, దీపావళి రోజు. భారత సైన్యం జాఫ్నా పెద్దాసుపత్రిలోకి చొరబడి డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి 60 నుంచి 70 మందిని చంపింది. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో టైగర్లు ఆరుగురు భారత జవాన్లను చంపాక, మనవాళ్లు ఊరి మీద పడి 50 మందికి పైగా పౌరుల్ని చంపారు. ఎదురుకాల్పుల్లో పోయారని మనవాళ్లు చెప్పుకొచ్చారు. మన జవాన్లు కూడా అక్కడ దాదాపు 1,200 మంది పోయారు, వాళ్లెందుకు పోయారో కూడా మనం పెద్దగా మాట్లాడుకోం. వల్వెట్టితురై మీద మాత్రం మన దేశంలో ఏ కోర్టూ ఎవరికీ శిక్ష వేయలేదు. క్షమించాలంటే ముందు ఎవరో ఒకరు దోషి అని తేలాలి కదా. మనం ఆ తలనొప్పి కూడా పెట్టుకోలేదు.

ఆ అక్టోబరుకి పెదనాన్న ఇంకా ఓడెక్కలేదు, తేదీలు నేను సరిచూసుకున్నాను. సొంత పెదనాన్న సర్వీసు తేదీలు దొంగచాటుగా సరిచూసుకోవడమంత సిగ్గుపడే పని నేను ఈ మధ్యకాలంలో చేయలేదు. మిగిలిన పదిహేను నెలల సంగతి అడగలేదు కూడా.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఫోన్లో ఆ ఫొటో చూపించాను. మసకగా ఉంది, బోర్డు సగమే పడింది. ఫోన్ చెయ్యంత దూరం పట్టుకుని చూశాడు. "కొడికామం పక్కన" అన్నాడు, అక్కడివాళ్లు పలికినట్టే. "పనసచెట్లు శానా ఉండేవి."

మొత్తం చెప్పాను. కట్టెల కోసం వెళ్లడం, తొమ్మిదోవాడు, కోర్టు, సంతకం. వింటూ గేదె ముందు గడ్డి సర్దుతున్నాడు.

"సార్జెంటు ఒక్కడేనా?"

"ఒక్కడే. మిగతా నలుగుర్నీ వదిలేశారు."

"ఆఫీసరు?"

"కేసులో ఆఫీసరెవరూ లేరు పెదనాన్నా."

గడ్డి సర్దడం ఆపాడు. "ఎనిమిది మందిని పూడ్చాలంటే ఎంత గొయ్యి తవ్వాలో తెలుసునారా నీకు?" అన్నాడు. "ఒక్కడు తవ్వలేడు."

నేను ఏమీ అనలేదు. ఆయన కూడా మళ్లీ ఆ మాటెత్తలేదు. కుడితి తొట్టిలో నీళ్లు పోసి, చేతులు కడుక్కుని, లోపలికెళ్లి పడుకున్నాడు.

సాయంత్రం బస్టాండు దాకా వచ్చాడు. వద్దన్నా సంచి తనే మోశాడు. హైదరాబాదు బస్సు మలుపు తిరిగి కనపడుతుండగా, దాని వైపే చూస్తూ అడిగాడు.

"ఆ తొమ్మిదోవాణ్ణి ఎవురన్నా అడిగినారంటనా, వదిలిపెట్టేటప్పుడు?"

"అడగాలని చట్టంలో లేదు పెదనాన్నా."

"ఊఁ" అన్నాడు. బస్సు ఆగింది. సంచి నా చేతికిచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోమన్నాడు.